దొంగతనం కేసులో మొదటిసారి కోర్టుకు వెళ్తున్నారా? ఏం చూసుకోవాలి, ఏం మాట్లాడాలి

దొంగతనం కేసు పడగానే ఇంట్లోవాళ్లు పలుకుబడి ఉన్న మనిషి కోసం పరుగెత్తుతారు. ఆ పరుగేదో ఎఫ్‌ఐఆర్ కాపీ కోసం పెట్టండి. అందులో ఏ సెక్షన్ రాశారో దాన్ని బట్టే మిగతాదంతా నడుస్తుంది.

సెక్షన్, సొత్తు విలువ

2024 జూలై 1 నుంచి జరిగిన నేరాలకు భారతీయ న్యాయ సంహిత వర్తిస్తుంది. అంతకుముందు జరిగినదైతే పాత ఐపీసీయే. మామూలు దొంగతనానికి 303(2): మూడేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. మెడలో గొలుసు లాక్కెళ్తే 304. ఇంట్లోనో, సరుకు దాచే గోదాములోనో, బస్సులోనో జరిగితే 305. పనివాళ్లు యజమాని సొత్తు తీస్తే 306. ఈ రెండింటికీ ఏడేళ్ల వరకు. దొంగసొత్తని తెలిసీ కొంటే 317(2).

ఇక సొత్తు విలువ. దీన్ని ఎవరూ పట్టించుకోరు, అక్కడే దెబ్బతింటారు. 303(2)లో విలువ 5,000 రూపాయల లోపైతే బెయిల్ హక్కుగా వస్తుంది. మొదటిసారి శిక్ష పడేవాళ్లు సొత్తు తిరిగి ఇచ్చేస్తే జైలు కాదు, సమాజ సేవే శిక్ష. నాలుగేళ్లు వాడిన ఫోన్‌కి కొత్త ఫోన్ ధర వేసి ఉంటే ఆ గీత దాటిపోతుంది. ఎప్పుడు కొన్నదో, ఏ మోడలో లాయరుకు మొదటిరోజే చెప్పండి.

నోటీసా, అరెస్టా

ఏడేళ్ల వరకు శిక్ష పడే కేసుల్లో చాలాసార్లు అరెస్టు చేయకుండా నాగరిక సురక్షా సంహిత (అరెస్టు, బెయిల్, విచారణ ఎలా జరగాలో చెప్పే చట్టం) 35(3) కింద నోటీసు ఇస్తారు. చెప్పిన రోజు తప్పకుండా వెళ్లండి; వెళ్లకపోతే అరెస్టుకు కారణం మీరే ఇచ్చినట్టు. అరెస్టు చేస్తే ప్రయాణ సమయం పోను 24 గంటల్లోపు మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలి. ఆధార్, ఎఫ్‌ఐఆర్ కాపీ, షూరిటీలుగా నిలబడే ఇద్దరు, వాళ్ల కాగితాలు సిద్ధం చేసుకోండి.

లాయరు ఆ కోర్టులో రోజూ కనిపించే మనిషే అయి ఉండాలి. ఎక్కడో పేరున్న పెద్దాయన కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే ఈలోపు రిమాండ్ (కోర్టు ఆదేశంతో కస్టడీ) అయిపోతుంది. డబ్బు లేకపోతే 15100కి ఫోన్ చేయండి. కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది.

మేజిస్ట్రేట్ ముందు ఆ కాసిన్ని నిమిషాలు

అరెస్టయి మొదటిసారి నిలబడేది విచారణ కాదు. తప్పు చేశారా లేదా అన్నది ఆ రోజు తేలదు. మేజిస్ట్రేట్ ముందున్నది రిమాండ్ రిపోర్టు (కస్టడీ కోరుతూ పోలీసులు ఇచ్చే కాగితం), కేసు డైరీ (దర్యాప్తు రోజువారీ నమోదు). చూసేది అరెస్టు సరైనదేనా, లోపల ఉంచాలా వద్దా అన్నదే. సాధారణంగా అడిగేవి ఇవి: ఎప్పుడు పట్టుకున్నారు? ఇంట్లోవాళ్లకు చెప్పారా? కొట్టారా? లాయరు ఉన్నారా?

వీటికి మాత్రం సూటిగా, నిజంగా జవాబు చెప్పండి. సోమవారం సాయంత్రం తీసుకెళ్లి, కాగితాల్లో బుధవారం పొద్దున అని రాసి ఉంటే అక్కడికక్కడే చెప్పాలి. దెబ్బలుంటే చొక్కా ఎత్తి చూపించాలి. భయపడి ‘ఏమీ అనలేదు సార్’ అంటే అదే రికార్డవుతుంది. తర్వాత ఎంత మొత్తుకున్నా ‘ఆ రోజే ఎందుకు చెప్పలేదు?’ అంటారు.

కేసు సంగతి మాత్రం ఎత్తకండి. ‘తప్పయిపోయింది సార్, ఇంకెప్పుడూ చేయను’ అని దండం పెడితే జాలిపడి వదిలేస్తారనుకోవడం పెద్ద పొరపాటు. పోలీసుల దగ్గర ఒప్పుకున్నది సాక్ష్యంగా చెల్లదు, దానివల్ల సొత్తు దొరికితే ఆ మేరకు తప్ప. నిండు కోర్టులో నోరు జారితే ఆ రక్షణ ఉండదు. ‘లాయరుతో మాట్లాడి చెప్తాను’ అనండి, చాలు.

అరెస్టు లేకుండా ఛార్జిషీటు (దర్యాప్తు ముగించి పోలీసులు కోర్టులో వేసే నివేదిక) వేస్తే సమన్లు వస్తాయి. అప్పుడు హాజరైన 14 రోజుల్లోపు కేసు కాగితాల కాపీలు ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి. సొత్తు విలువ 20,000 రూపాయలు మించకపోతే సంక్షిప్త విచారణ, అంటే తక్కువ తతంగంతో త్వరగా ముగిసేది; నేరం ఒప్పుకుంటారా అన్న ప్రశ్న త్వరగానే వచ్చేస్తుంది. ‘ఒప్పేసుకో, ఫైన్ కట్టి పోదాం’ అని కోర్టు వరండాలో సలహా ఇచ్చేవాళ్లు బోలెడుమంది. వినకండి. ఫైనైనా అది శిక్షే. మళ్లీ 303 కింద శిక్ష పడితే కనీసం ఏడాది కఠిన కారాగారం. 303(2)లో సొత్తు యజమానితో రాజీ కుదిరితే కేసు కొట్టేసినట్టే లెక్క. ముందు ఆ దారి చూడాలి.

బెయిల్, వాయిదా

రిమాండ్ ఒక్కోసారికి 15 రోజులు మించదు. పైన చెప్పిన సెక్షన్లలో 60 రోజులకు ఛార్జిషీటు పడకపోతే బెయిల్ హక్కు. కానీ దానంతటది రాదు, పిటిషన్ వేయాలి. వేసేలోపు ఛార్జిషీటు దాఖలైతే ఆ హక్కు పోయినట్టే. 61వ రోజు పొద్దున్నే లాయరు కోర్టులో ఉండాలి.

బయటికొచ్చాక వాయిదా తేదీ మీరే రాసుకోండి. రాలేని రోజు మీ పేరు పిలవకముందే లాయరు చేత గైర్హాజరు పిటిషన్ వేయించండి. లేదంటే నాన్‌బెయిలబుల్ వారంటు వస్తుంది, షూరిటీలకు నోటీసులు వెళ్తాయి.