గ్యాస్ కొట్టించే ముందు బానెట్ ఎత్తి చూడండి

శివరాత్రికి చలి శివశివా అంటూ పోయిందంటే నల్లగొండలో కారున్నవాళ్లకు ఒక పని మొదలైనట్టే. మధ్యాహ్నం పూట అరగంట ఏసీ వేసి తిరిగి చూడాలి. ఏదైనా తేడా ఉంటే అప్పుడే బయటపడాలి. ఉగాది దాటాక ఏసీ షెడ్డుకు పోతే మన ముందు పది బండ్లుంటాయి. మెకానిక్‌కు మన బండిని సరిగ్గా చూసే తీరిక ఉండదు, మనకు అడిగే ఓపిక ఉండదు. ఆ తొందరలో అందరికీ దొరికే మందు ఒకటే, ఏసీలో గ్యాస్ కొట్టడం.

నేనూ ఒక వేసవిలో రెండుసార్లు కొట్టించాను. "గ్యాస్ ఒడిసింది సార్, కొట్టాలె" అన్నాడు మెకానిక్. కొట్టించాక రెండు రోజులు బాగానే ఉంది. ఆ తర్వాత హైదరాబాద్ పోతూ పంతంగి టోల్ దగ్గర క్యూలో ఆగితే జాలీల్లోంచి వేడిగాలి కొట్టింది. బండి కదిలి ఎనభై స్పీడ్ అందుకోగానే మళ్లీ చల్లబడింది. అసలు సంగతి అక్కడే తెలిసిపోవాల్సింది, నాకు తట్టలేదు. ఇంకోసారి గ్యాస్ కొట్టించాను. చివరికి వేరే షెడ్డులో ఒక కుర్రాడు ఏసీ ఆన్ చేయించి, బానెట్ ఎత్తి, ముందున్న ఫ్యాన్ వైపు వేలు చూపించాడు. అది తిరగడం లేదు. ఫ్యాన్ మోటారుకు అయిన ఖర్చు ఆ రెండుసార్లు గ్యాస్‌కు పోసిన డబ్బులో సగం కూడా లేదు.

కారు ఏసీ చలిని తయారు చేయదు. పైపుల్లో తిరిగే గ్యాస్ ద్వారా లోపలి వేడిని తీసుకుపోయి బయట పారబోస్తుంది. పారబోసే చోటే కండెన్సర్. రేడియేటర్‌కు ముందు, గ్రిల్ వెనకాల ఉంటుంది. బయట 44 డిగ్రీలుంటే, తారు రోడ్డు సెగకు బంపర్ దగ్గర గాలి ఇంకా వేడిగా ఉంటుంది. ఆ గాలిలోకే కండెన్సర్ తన వేడిని వదలాలి. అందుకు దాని సందుల్లోంచి గాలి ధారాళంగా పోవాలి. బండి పరుగెడుతుంటే ఎదురుగాలి ఆ పని చేస్తుంది. ఆగినప్పుడు ఫ్యాన్ ఒక్కటే దిక్కు. గాలి ఆడకపోతే గ్యాస్ ఒత్తిడి పెరిగిపోయి, ఆ గ్యాస్‌ను నొక్కి తిప్పే కంప్రెసర్ పాడవకుండా దానంతట అదే ఆగిపోతుంది. లోపల కూర్చున్న మనం గ్యాస్ అయిపోయిందనుకుంటాం.

ఇంతకీ మన కండెన్సర్ల మీద ఏముంటుంది? చలికాలమంతా పత్తి ట్రాక్టర్ల వెనక తిరిగిన బండి అయితే దూది పోగులు. మిర్యాలగూడ వైపు బండి అయితే మిల్లుల ఊక దుమ్ము. యాసంగి వరి కోతల్లో ఎగిరే పొట్టు, రాత్రి ప్రయాణాల్లో అంటుకున్న పురుగులు, జడ్చర్ల మీదుగా కర్నూలు హైవేలో లారీల వెనక పట్టిన మసి. ఇవన్నీ కలిసి సందుల్లో చాపలా పేరుకుంటాయి. బయటికి సన్నటి బూడిద రంగులా కనిపిస్తుంది, టార్చి వేసి చూస్తేనే తెలుస్తుంది.

పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మామూలు పైపుతో కండెన్సర్ మీద నీళ్లు కొట్టండి. మెత్తటి బ్రష్ వాడినా దాని సన్నటి రేకులు ఉన్న దిశలోనే నడపాలి, అడ్డంగా కాదు. వాషింగ్ సెంటర్‌లో ప్రెషర్ గన్ దగ్గరగా పెట్టి కొట్టనివ్వకండి. ఆ రేకులు కాగితంలాంటి అల్యూమినియం, వంగిపోతే గాలి దారి మూసుకుపోతుంది. "జోరుగా కొడితేనే మురికి పోతుంది సార్" అంటాడు. పోతుంది, కండెన్సర్ కూడా పోతుంది.

తర్వాత ఫ్యాన్. బండి నీడలో ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, ఏసీ ఫుల్‌లో పెట్టి బానెట్ ఎత్తండి. కాసేపట్లో ఫ్యాన్ తిరగడం మొదలవ్వాలి. రెండు ఫ్యాన్లున్న బండిలో ఒకటే తిరిగినా, నీరసంగా తిరిగినా మెకానిక్‌కు చెప్పండి. చేతులు, చున్నీ, కండువా దూరంగా ఉంచండి. ఆగి ఉన్న ఫ్యాన్ చెప్పకుండా తిరుగుతుంది.

గాలే తక్కువగా వస్తోందంటే అది వేరే రోగం. చాలా బండ్లలో గ్లోవ్ బాక్స్ వెనక, లోపలికి వచ్చే గాలిలో దుమ్మును ఆపే క్యాబిన్ ఫిల్టర్ ఉంటుంది. కంపెనీ పుస్తకంలో రాసిన కిలోమీటర్లు మంచి రోడ్లకు. మట్టిరోడ్ల మీద పొలాలకు తిరిగే బండికి అంతకంటే ముందే మార్చాలి. ఫిల్టర్ తీసేస్తే గాలి బాగా వస్తుందని కొందరు సలహా ఇస్తారు. వస్తుంది, కానీ ఆ దుమ్మంతా లోపలి కూలింగ్ కాయిల్ మీద పడుతుంది. దాన్ని శుభ్రం చేయాలంటే కొన్ని బండ్లలో డ్యాష్‌బోర్డు మొత్తం విప్పాల్సి వస్తుంది. ఇక బయలుదేరినప్పుడు చల్లగా ఉండి, గంట పోయాక గాలి తగ్గిపోయి, కాసేపు ఏసీ ఆపితే మళ్లీ వస్తోందంటే ఆ కాయిల్ మీద మంచు కడుతోందేమో చూపించండి.

ఇప్పుడు గ్యాస్ మాట. గ్యాస్ పెట్రోల్‌లా ఖర్చయ్యేది కాదు. ఏళ్ల మీద కొద్దిగా తగ్గితే తగ్గుతుంది. ఏటా కొట్టించాల్సి వస్తోందంటే ఎక్కడో లీకుంది. పైపుల జాయింట్ల దగ్గర నూనె జిడ్డుకు దుమ్ము అంటుకుని నల్లగా కనిపిస్తే అనుమానించండి. కొట్టించక తప్పకపోతే ముందు లీకు చూడమనండి. తర్వాత పంపుతో లోపలి గాలి, తేమ లాగేయాలి, ఐదు నిమిషాల్లో అయ్యే పని కాదు. ఆపైన బానెట్ కింద స్టిక్కర్ మీద రాసిన గ్రాముల లెక్కన తూకం వేసి నింపాలి. స్టిక్కర్ మీద ఆర్‌134ఏ గ్యాస్ అని ఉందా, కొన్ని కొత్త బండ్లలో వచ్చే ఆర్‌1234వైఎఫ్ అని ఉందా చూసుకోండి, ఒకదాని బదులు ఇంకోటి వేయకూడదు. ఎక్కువ నింపితే ఎక్కువ చల్లదనం రాదు, తగ్గుతుంది. చౌకగా వంటగ్యాస్‌లాంటిది నింపుతామనేవాడి దగ్గర ఒక్క క్షణం కూడా ఆగకండి, అది మంటలంటుకునే సరుకు.

రేడియేటర్‌లో ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ తగ్గితే బోరు నీళ్లు పోసే అలవాటు మన దగ్గర బాగా ఉంది. ఫ్లోరైడ్ సంగతి అటుంచండి, ఆ ఉప్పునీళ్లకు బిందె అడుగున పట్టే తెల్లటి గారే రేడియేటర్‌లోనూ పడుతుంది. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయండి. ఇంజిన్ వేడిగా ఉండగా రేడియేటర్ మూత తిప్పొద్దు. దారిలో టెంపరేచర్ ముల్లు పైకి పోతుంటే ముందు ఏసీ కట్టేసి, బండి పక్కకు ఆపండి.

ఎండలో నిలబెట్టిన కారులో కూర్చోగానే ఏసీ ఫుల్ పెట్టి చల్లబడలేదని విసుక్కోవడం దండగ. లోపలి గాలి బయటికంటే వేడిగా ఉంటుంది. తలుపులన్నీ ఒకసారి తీసి, అద్దాలు దించి, ఒకటి రెండు నిమిషాలు నడపండి. ఆ తర్వాత అద్దాలు ఎత్తి, లోపలి గాలే తిరిగే బటన్ నొక్కండి. కానీ పెళ్లికి ఏడుగురు ఎక్కిన బండిలో గంటల తరబడి అదే గాలి తిప్పితే తల బరువెక్కి నిద్ర ముంచుకొస్తుంది. మధ్యమధ్య కాసేపు బయటి గాలి రానివ్వండి.

బయలుదేరే వేళ కూడా లెక్కే. నల్లగొండ నుంచి హైదరాబాద్‌కు మధ్యాహ్నం మూడింటికి పోతే ఎండ దాదాపు ఎదురుగా అద్దంలోంచి పడుతుంది. పొద్దున ఆరింటికి పోతే వెనక ఉంటుంది. పాలమూరు నుంచి మధ్యాహ్నం హైదరాబాద్ పోయేవాళ్లకు ఎడమ పక్క సీటు కాలుతుంది, పెద్దవాళ్లను కుడివైపు కూర్చోబెట్టండి. నల్ల ఫిల్ముల జోలికి పోవద్దు. సుప్రీంకోర్టు 2012లో వాటిని కాదంది. నిబంధనల ప్రకారం ముందు, వెనక అద్దాల్లోంచి 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుగు రావాలి. బండి ఆపినప్పుడు ముందు అద్దానికి వెండిరంగు అట్ట అడ్డం పెట్టండి. చింతచెట్టు నీడ అన్నిటికంటే మేలు, పిట్టల రెట్టలు కడుక్కునే ఓపికుంటే.

ఒక్క విషయంలో మాత్రం ఏ మినహాయింపూ లేదు. "రెండు నిమిషాల్లో వస్తా" అని పిల్లల్ని కారులో వదిలి దుకాణంలోకి పోవద్దు. ఎండలో మూసిన కారు పది నిమిషాల్లోనే ఉన్నదానికంటే ఇంకో పది డిగ్రీల దాకా వేడెక్కుతుంది, అద్దం కాస్త దించినా పెద్దగా తేడా ఉండదు. పడుకున్న పిల్లాడు వెనక సీట్లో ఉంటే మీ చెప్పులో, ఫోనో వాడి పక్కన పెట్టండి, దిగేటప్పుడు వెనక్కి చూడక తప్పదు. లైటర్లు, స్ప్రే డబ్బాలు, శానిటైజర్ కూడా ఎండలో బండిలో ఉంచకండి. మూసిన షెడ్డులో ఇంజిన్ నడుపుతూ ఏసీలో నిద్రపోవడం ప్రాణాల మీదికి తెస్తుంది, పొగలోని కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు లోపలికి వస్తే వాసన కూడా తెలియదు.

నకిరేకల్ దాటాక నడి మధ్యాహ్నం ఏసీ ఆగిపోతే మొండికేసి పోవద్దు. మనది పొడి ఎండ, తువ్వాల తడిపి మెడకు చుట్టుకుంటే నిజంగానే చల్లబడుతుంది. పెద్దవాళ్లు, పిల్లలు ఉంటే ఏదైనా హోటల్ నీడన ఆగి, నీళ్లో మజ్జిగో తాగించి, పొద్దు వాలాక కదలండి.

మృగశిర చినుకులు పడ్డాక ఏసీని మరిచిపోకండి. చలికాలంలో కూడా వారానికోసారి పది నిమిషాలు వేస్తే లోపలి నూనె తిరిగి సీళ్లు ఎండిపోకుండా ఉంటాయి. ఇంటికి చేరే రెండు నిమిషాల ముందు ఏసీ ఆపి ఉత్త ఫ్యాన్ నడిపితే కాయిల్ ఆరి, మరునాడు ముక్కిన వాసన రాదు.