లేపాక్షి పైకప్పు నుంచి చీర అంచుకు

ధర్మవరంలో పట్టుచీరల డిజైన్లకు గళ్ల కాగితం మీద గ్రాఫ్ గీయడం నా పని. కొత్త డిజైన్ తోచనప్పుడు హిందూపురం వెళ్లి లేపాక్షి బస్సు ఎక్కుతాను. అక్కడ ఎలా చూస్తానో చెబుతాను. బొమ్మలు వేసేవాళ్లకూ, ఫోటోలు తీసేవాళ్లకూ పనికొస్తుంది.

ముందు ఒకే ఒక్క మాట రాసుకుని వెళ్లండి. నేను 'అంచులు' అని రాసుకుంటే ఆ రోజంతా అంచులే. వీరభద్రాలయం పైకప్పు నిండా 16వ శతాబ్దపు బొమ్మలు. పార్వతీ కల్యాణం, కిరాతార్జునీయం, ఇంకా ఎన్నో. అన్నీ చూడబోతే ఇంటికొచ్చాక ఒక్కటీ గుర్తుండదు. ఆ బొమ్మల్లో మనుషులు కట్టుకున్న బట్టలు చూడండి. గళ్లు, చారలు, చుక్కలు, పూలు! నాకు కథ కంటే ఆ బట్టలే ఎక్కువ నచ్చుతాయి.

మెడ ఎత్తి ఎక్కువసేపు చూడలేం. అరచేతంత అద్దం తీసుకెళ్లండి. అద్దాన్ని పొట్ట దగ్గర పట్టుకుని కిందికి చూస్తే పైకప్పు కనిపిస్తుంది. కుడి ఎడమలు తారుమారవుతాయని మాత్రం మర్చిపోకండి. మొదటి అరగంట ఫోన్ సంచిలోనే ఉండాలి. పెన్సిల్‌తో గీస్తేనే ఒక పువ్వుకు ఎన్ని రేకులో, రెండు పువ్వుల మధ్య ఎంత ఖాళీ ఉందో తెలుస్తుంది. ఆ తర్వాత ఫోటో తీయండి. ఫ్లాష్ వద్దు, పాత రంగులకు అది మంచిది కాదు.

ఇక్కడే నేనొకసారి బాగా దెబ్బతిన్నాను. ఒక తీగను ఉన్నది ఉన్నట్టు గ్రాఫ్‌లోకి ఎక్కించాను. గ్రాఫ్‌లో ఒక్కో అడ్డవరుస, మగ్గం మీద డిజైన్ తీసే జాకార్డ్‌లో ఒక్కో చిల్లుల అట్ట అవుతుంది. కుంచెతో వేసిన సన్నటి వంపు గళ్లలోకి వచ్చేసరికి మెట్లు మెట్లుగా మారింది. నేసిన చీర చూసి మా అమ్మ ఏమీ అనలేదు. ఆ టెన్షన్‌తో నాకు రెండు రోజులు నిద్ర పట్టలేదు. అప్పటి నుంచి తీగను తీసుకోవడం మానేసి, తీగ ఎంత దూరానికోసారి తిరుగుతుందో కొలుచుకుంటున్నాను. దీనికి లేపాక్షి గుడిలోనే ఉన్న లతామండపం స్తంభాలు మంచి బడి. రాతిలో చెక్కారు కాబట్టి అక్కడి గీతలు లావుగా, తేటగా ఉంటాయి. ఏ ముక్క మళ్లీ మళ్లీ వస్తుందో వెతికి, ఆ ఒక్క ముక్కే గీసుకోండి.

రంగుల కోసమైతే గండికోట. పెన్నా లోయ అంచున పొద్దున్నే కూర్చుని కళ్లు సగం మూయండి. వివరాలు పోయి రంగుల ముద్దలు మిగులుతాయి. మొత్తం పది పాళ్లనుకుని లెక్కేయండి. ఒకసారి నాకు ఎర్రరాయి ఏడు, ఆకాశం రెండు, నీళ్ల పచ్చ ఒకటి వచ్చాయి. ఒళ్లు ఇటుకరంగు, అంచు బూడిద నీలం, మధ్యలో సన్నటి పచ్చ గీతతో చీర అయింది. మధ్యాహ్నం వెళ్తే ఎండకు అన్నీ తెల్లబోతాయి.

ఇంటికొచ్చాక, అక్కడ తీసిన ఫోటోను ఫోన్‌లోనే నలుపు తెలుపు చేయండి. ఒంటికీ అంచుకూ అనుకున్న రంగులు ఒకే బూడిదరంగులో కలిసిపోతే, రంగులు ఎంత వేరుగా ఉన్నా దూరానికి అంచు తేలదు. ఈ చూపు నాకు రాజా దీన్ దయాళ్ నిజాం కాలంలో తీసిన ఫోటోల నుంచి వచ్చింది. రంగే లేని ఆ ఫోటోల్లో కన్ను ముందు ఎక్కడికి పోతుందో, అక్కడ వెలుగు నీడలు ఎలా కలుస్తున్నాయో చూడండి.

ఎగ్జిబిషన్లలోనూ ఇంతే. ఒకసారి చకచకా తిరిగి, వెనక్కి లాగిన ఒక్క బొమ్మ ముందు ఇరవై నిమిషాలు నిలబడండి. రాజమండ్రిలో చిత్రకారుడు దామెర్ల రామారావు గ్యాలరీకి వెళ్తే తప్పకుండా అలా చేయండి. ఆయన 1925లో, ఇరవై ఏడేళ్లకే పోయారు. ఆ వయసుకు అంత పని చేశారా అనిపించి నాకు కాళ్లు కదల్లేదు.

గీసిన డిజైన్‌ను వెంటనే చీరంతా నేయించకండి. నాలుగు అంగుళాలు నేయించి గోడకు తగిలించి, పది అడుగుల దూరం నుంచి చూడండి. అక్కడి నుంచి కనపడని గీతను గ్రాఫ్‌లో తుడిచేయండి.