యుద్ధనౌక ఫొటో చూసి స్టెల్త్ రూపకల్పనను గుర్తించడం ఎలా

యుద్ధనౌక ఫొటో చేతికి వస్తే చాలామంది ముందుగా ఫిరంగులను, క్షిపణులను లెక్కపెడతారు. ఆ నౌక శత్రువుకు దొరక్కుండా ఏయే జాగ్రత్తలు (వీటినే స్టెల్త్ అంటారు) తీసుకుందో తెలుసుకోవాలంటే మాత్రం ఆయుధాలను కాసేపు మరచి గోడలను, మూలలను, పొగగొట్టాన్ని, నీటిని ఆనుకున్న భాగాన్ని పరిశీలించాలి. ప్రతిచోటా వేసుకోవలసిన ప్రశ్న ఒక్కటే: ఈ ఏర్పాటు దేని నుంచి తప్పించుకోవడానికి? రాడార్, వేడిని పసిగట్టే క్షిపణి, చప్పుడు వినే సోనార్, ఇనుమును గుర్తించి పేలే అయస్కాంత మైన్ (సముద్రంలో అమర్చే మందుపాతర), మామూలు మనిషి కన్ను వేటికవే వేరు. ఒకదాని నుంచి కాపాడే ఏర్పాటు మరొకదాని ముందు సాధారణంగా పనికిరాదు.

మొదట పక్కగోడలు చూడండి. పాత నౌకల్లో అవి దాదాపు నిట్టనిలువుగా ఉంటాయి. నిలువు గోడ చదునైన డెక్‌ను కలిసే చోట లంబకోణం ఏర్పడుతుంది. అందులో పడిన రాడార్ తరంగం రెండుసార్లు మళ్లి, వచ్చిన దిక్కుకే తిరిగి వెళుతుంది. నౌక పక్కభాగానికి, ప్రశాంతంగా ఉన్న సముద్రపు ఉపరితలానికి మధ్య కూడా ఇదే జరుగుతుంది. గోడను కొన్ని డిగ్రీలు వాల్చితే చాలు, ఆ లంబకోణం చెదిరిపోయి తరంగం ఆకాశం వైపో మరో పక్కకో మళ్లిపోతుంది. 1996లో సేవలో చేరిన ఫ్రాన్స్ ఫ్రిగేట్ లాఫాయెట్‌లో ఈ వాలు స్పష్టంగా కనిపిస్తుంది. 2013లో జలప్రవేశం చేసిన అమెరికా డిస్ట్రాయర్ జుమ్‌వాల్ట్ ఇంకా ముందుకు వెళ్లి, నీటిమట్టం దగ్గర వెడల్పుగా మొదలై పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది. ఫొటో మీద స్కేలు పెట్టి గోడల అంచుల వెంబడి గీతలు గీయండి. గీతలు ఎక్కువభాగం రెండు మూడు దిక్కులకే సమాంతరంగా వస్తే, తిరిగి వెళ్లే రాడార్ తరంగాలన్నిటినీ, అంటే ప్రతిధ్వనులన్నిటినీ, కొన్ని ఇరుకైన దిక్కులకే పరిమితం చేయాలని రూపకర్త కావాలని అలా గీశాడని అర్థం చేసుకోవచ్చు.

ఇక్కడ ఒక లెక్క గుర్తుంచుకోవాలి. తిరిగి వచ్చే ప్రతిధ్వని బలం దూరపు నాలుగో ఘాతానికి విలోమంగా తగ్గుతుంది. కాబట్టి రాడార్ నౌకను పసిగట్టే దూరాన్ని సగానికి తగ్గించాలంటే దాని ప్రతిధ్వనిని పదహారో వంతుకు, పదో వంతుకు తగ్గించాలంటే పదివేలో వంతుకు దించాలి. అందుకే ‘రాడార్‌కు కనిపించని నౌక’ అనే మాటను నేను ఒప్పుకోలేను. స్టెల్త్ ఇచ్చేది అదృశ్యం కాదు, వ్యవధి: శత్రువు ఆలస్యంగా చూస్తాడు, నౌక వదిలిన నకిలీ లక్ష్యాలు అసలు నౌక కంటే పెద్దగా కనిపించి క్షిపణిని సులభంగా పక్కదారి పట్టిస్తాయి.

తరువాత డెక్ మీద ఏమేం బయట పడి ఉన్నాయో చూడండి. రెయిలింగులు, నిచ్చెనలు, తాళ్లు చుట్టే యంత్రాలు, చిన్న పడవలు ఒక్కొక్కటీ కొత్త మూలలను సృష్టించి, గోడలు వాల్చి సంపాదించిన ప్రయోజనాన్ని హరిస్తాయి. స్టెల్త్ నౌకలో ఇవన్నీ మూతల వెనుకకు వెళతాయి. స్వీడన్ కార్వెట్ విస్బీలో 57 మిల్లీమీటర్ల ఫిరంగి గొట్టం కూడా అవసరం లేనప్పుడు తన కవచంలోకి ముడుచుకుంటుంది.

పొగగొట్టం దగ్గర ఆలోచించవలసింది వేడి గురించి. ఇంజిన్ నుంచి వచ్చే వాయువుల్లో చల్లని గాలిని కలిపి బయటికి వదలడం సాధారణ పద్ధతి. విస్బీలో అవి వెనుకభాగంలో, నీటికి దగ్గరగా బయటపడతాయి. చప్పుడు ఫొటోలో కనిపించదు. అయితే నౌక డ్రైడాక్‌లో (నీరు తోడేసి మరమ్మతు చేసే రేవులో) ఉన్న చిత్రం దొరికితే ప్రొపెల్లర్ రెక్కలను చూడండి. కొడవలిలా వంపు తిరిగి ఉంటే అది చప్పుడు తగ్గించే ప్రయత్నమే. నౌక అయస్కాంత ప్రభావాన్ని తగ్గించి అయస్కాంత మైన్ల నుంచి రక్షించే కేబుల్ చుట్టలు నేటి నౌకల్లో లోపల ఉంటాయి. జర్మన్ అయస్కాంత మైన్ ఒకటి 1939 నవంబరులో బ్రిటిష్ వారి చేతికి చిక్కిన తరువాత తొందరతొందరగా సిద్ధం చేసిన నౌకల్లో కొన్నింటికి మాత్రం ఆ కేబుల్ పక్కభాగం వెలుపల, పొడవునా కనిపిస్తుంది.

రంగును చివరికి ఉంచుకోండి, ఎందుకంటే తప్పుగా అర్థం చేసుకునే అవకాశం దానిలోనే ఎక్కువ. 1917లో బ్రిటిష్ చిత్రకారుడు నార్మన్ విల్కిన్సన్ ప్రతిపాదించిన డాజిల్ చారలు నౌకను దాచడానికి వేసినవి కావు. టార్పెడో వేసే జలాంతర్గామి కెప్టెన్ పెరిస్కోప్‌లో కొద్ది క్షణాలే చూసి నౌక వేగాన్ని, దిశను అంచనా వేసి, అది చేరబోయే చోటికి గురిపెట్టాలి. ఆ అంచనాను తప్పించడమే చారల పని. అటువంటి ఫొటోను కొద్దిసేపే చూసి నౌక ఎటు పోతున్నదో చెప్పి, తరువాత నిదానంగా సరిచూసుకోండి. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా వాడిన మరో పద్ధతిలో కింద ముదురు నీలం, పైన లేత బూడిదరంగు ఉంటాయి. రెండింటినీ విడదీసే గీత డెక్ వంపును అనుసరించక, క్షితిజరేఖకు సమాంతరంగా సాగుతుంది. ఇక అసలైన మరుగు చూడాలంటే 1942 నాటి డచ్ మైన్‌స్వీపర్ (మైన్లను తొలగించే నౌక) అబ్రహాం క్రైన్సెన్ ఫొటో వెతకండి. చెట్లకొమ్మలు కప్పుకొని పగలు తీరాన్ని ఆనుకొని దీవిలా కదలకుండా ఉండి, రాత్రిళ్లు మాత్రమే ప్రయాణించి అది ఆస్ట్రేలియా చేరుకుంది.

పరిశీలనకు రేవులో తీసిన ఫొటోల కంటే నడిసముద్రంలో తీసినవి ఎంచుకోండి. రేవులో తలుపులు తెరిచి ఉంటాయి, నిచ్చెనలు దించి ఉంటాయి. శాంతికాలంలో వాణిజ్య నౌకలు ఢీకొట్టకుండా స్టెల్త్ నౌక కావాలనే లోహపు రాడార్ రిఫ్లెక్టర్లను తగిలించుకోవచ్చు. నునుపైన గోడ మీద అటువంటిది కనిపిస్తే దాన్ని రూపకల్పనలోని లోపంగా లెక్కించకండి.