ఏజెన్సీ విద్యార్థికి సీనియర్ తోడు: ఏర్పాటు చేసే పద్ధతి

రాజమహేంద్రవరంలోని ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయానికో, కాకినాడ జేఎన్‌టీయూకో చింతూరు, మారేడుమిల్లి, రంపచోడవరం వైపు నుంచి వచ్చే కోయ, కొండరెడ్డి విద్యార్థులకు సీనియర్లను తోడుగా నియమించదలచిన విభాగం ముందుగా ఆ సీనియర్ ఎవరన్నది తేల్చుకోవాలి. మంచి మార్కులు తెచ్చుకున్నవారిని ఎంచడం పరిపాటి. అయితే అదే ఘాట్ రోడ్డు మీదుగా వచ్చి, అవే ధ్రువపత్రాల కోసం అవే కార్యాలయాల చుట్టూ తిరిగినవారే ఎక్కువ పనికొస్తారని నా అభిప్రాయం. ఒక్కొక్కరికి ఇద్దరు ముగ్గురు జూనియర్లకు మించి అప్పగించకూడదు; విద్యార్థినులకు సీనియర్ విద్యార్థినులనే కేటాయించాలి.

ప్రవేశాలు ఖరారైన వెంటనే సీనియర్ ఫోన్ చేసి పలకరించాలి, ఎందుకంటే కొత్త తరగతుల కాలమూ శబరి, గోదావరి పొంగే కాలమూ తరచూ ఒకటే అవుతాయి. 2022 జూలైలో భద్రాచలం వద్ద నీటిమట్టం 71 అడుగులు దాటినప్పుడు చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం మండలాలు జలదిగ్బంధంలో చిక్కుకున్నాయి. అలా రాలేకపోయినవారి సంగతి ఆ రోజే విభాగాధిపతికి రాతపూర్వకంగా అందజేస్తే, ఉపకార వేతనానికి అవసరమైన 75 శాతం హాజరు దగ్గర తరువాత బతిమాలుకునే పని తగ్గుతుంది.

మొదటి నెలలో పాఠాల కంటే కాగితాలకే ఎక్కువ సమయం పెట్టాలి. ఆధార్, పదో తరగతి మార్కుల జాబితా, కుల ధ్రువపత్రం, బ్యాంకు పాస్‌బుక్ నాలుగింటినీ బల్లమీద పక్కపక్కన పరచి, పేరును అక్షరం అక్షరం సరిపోల్చాలి. ఒకదానిలో ఇంటిపేరు పూర్తిగానూ, మరొకదానిలో పొడి అక్షరంగానూ ఉంటే అప్పుడే సరిచేయించాలి. ఖాతాకు ఆధార్ అనుసంధానమైందో లేదో కనుక్కోవడానికి బ్యాంకుకు వెంట వెళ్లాలి తప్ప, "నువ్వే వెళ్లి అడుగు" అని పంపకూడదు. కౌంటరు ముందు నోరు పెగలక వెనుదిరిగేవారు ఉంటారు.

ఇంట్లో కోయ భాష, బడిలో తెలుగు మాట్లాడినవారికి ఇంగ్లీషు మూడో భాష అవుతుంది కనుక, వారానికి ఒక గంట కూర్చుని, పాఠాన్ని ముందు తెలుగులో చెప్పించి, తరువాతే ఇంగ్లీషులో రాయించాలి. ఈ కూర్చోవడం గ్రంథాలయంలోనో విభాగం వరండాలోనో జరగాలి గానీ, రాత్రివేళ హాస్టల్ గదిలో కాదు. జూనియర్ చేత రికార్డులు రాయించుకోవడం, టీ తెప్పించుకోవడం తోడు అనిపించుకోవు; ర్యాగింగ్‌ను మన రాష్ట్రంలో 1997 చట్టమే నిషేధించింది.

జూనియర్ చదువు మానేస్తానంటే సీనియర్ వెంటనే ఇంటికి ఫోన్ చేయకుండా, కారణం డబ్బా, అనారోగ్యమా, అవమానమా అని విడిగా అడిగి, అతని అనుమతితో అదే రోజు బాధ్యత గల అధ్యాపకుని దగ్గరకు తీసుకువెళ్లాలి.