వంటింటి కెమిస్ట్రీ - మూడో పాఠం: పసుపు కాగితం

పోయిన పాఠంలో మిరపకాయ ఘాటు గింజలో కాదు, గింజలు అంటుకుని ఉండే తెల్లటి ఈనెలో ఉంటుందని కోసి చూశాం. ఈసారి మన దుగ్గిరాల పసుపు.

గుంటూరులో మా ఇంట్లో ఓసారి తెల్ల చొక్కా మీద పప్పు ఒలికింది. బట్టల సబ్బు రుద్దేసరికి పచ్చటి మరక కాస్తా ఎర్రగా తిరిగింది. చొక్కా పాడైందని టెన్షన్ పడ్డాను. బాగా జాడిస్తే మళ్లీ పచ్చగా అయింది. రెండు రోజులు ఎండలో ఆరేస్తే ఆ కాస్తా వెలిసిపోయింది.

ఇదంతా పసుపుకి ఆ రంగునిచ్చే కర్‌కుమిన్ చేసే పని. పసుపు దుంపలోంచి దీన్ని 1815లోనే వేరు చేశారు. ఒక్కో అణువులో 21 కార్బన్లు, 20 హైడ్రోజన్లు, 6 ఆక్సిజన్లు. సబ్బు, సున్నం లాంటి క్షారం తగిలితే అందులోంచి హైడ్రోజన్ అయాను (విద్యుదావేశం ఉన్న హైడ్రోజన్) ఊడివస్తుంది. అప్పుడు అది పీల్చుకునే కాంతి మారి, మన కంటికి ఎర్రగా కనిపిస్తుంది. పసుపులో సున్నం కలిపి దిష్టి తీసే ఎర్రనీళ్లు, కాళ్లకు పెట్టే పారాణి ఇలా వచ్చినవే.

ఇక క్షారాన్ని పట్టిచ్చే పసుపు కాగితం చేద్దాం. కర్‌కుమిన్ నీళ్లలో దాదాపు కరగదు, అడుగుకు చేరుతుంది. అందుకని మందుల షాపులో దొరికే స్పిరిట్ నాలుగు చెంచాలు తీసుకుని, అర చెంచా పసుపు కలపండి. పొయ్యి దగ్గర మాత్రం వద్దు, స్పిరిట్ ఇట్టే అంటుకుంటుంది. పది నిమిషాలకు పైన తేరిన ద్రవంలో టిష్యూ కాగితం ముంచి నీడలోనే ఆరబెట్టండి. ఎండలో పెడితే నా చొక్కా మరకలాగే రంగు పోతుంది. తర్వాత సన్నటి పట్టీలుగా కత్తిరించండి.

కిళ్లీ సున్నం సెనగగింజంత నీళ్లలో కలిపి, పుల్లతో ఒక చుక్క పట్టీ మీద పెట్టండి. చుక్క పడ్డచోట ముదురు ఎరుపు వస్తుంది. సున్నం కంట్లో పడకుండా చూసుకోండి. వంటసోడా నీళ్లకు అంత ఎరుపు రాదు, అది బలహీనమైన క్షారం.

ఇప్పుడు నాకు చాలా ఇష్టమైన పరీక్ష. ఒక పట్టీ మీద సబ్బు నురుగు, ఇంకోదాని మీద కుంకుడుకాయ నురుగు పెట్టండి. సబ్బుకి ఎర్రబడుతుంది, కుంకుడుకి పచ్చగానే ఉంటుంది. సబ్బు నూనెను క్షారంతో కలిపి చేసింది. కుంకుడులో నురుగు తెప్పించేవి చెట్టు తనంతట తాను తయారుచేసుకున్న సపోనిన్లు. రెండూ మురికి వదిలిస్తాయి, కానీ కుంకుడు రసంలో క్షారం లేదు.

నిమ్మరసం కూడా వేసి చూడండి. పట్టీ రంగు మారదు, మంచినీళ్లకూ మారదు. పులుపునీ మంచినీళ్లనీ విడదీయడం పసుపుకి చేతకాదు. ఆ పని మందారం చేస్తుంది. వచ్చే పాఠానికి ఎర్ర మందారాలు నాలుగు కోసి పెట్టుకోండి.