కంప్యూటర్‌లో పాడే సీడీ కారులో ఎందుకు పాడదు? ఖాళీ డిస్కుల చిక్కులు

సమస్య: కారులో పెడితే "నో డిస్క్" అంటోంది

ఎక్కువమందికి వచ్చే ఇబ్బంది ఇదే. ముందు మీరు పాటలు ఎక్కించుకున్న డిస్క్ మీద అక్షరాలు చదవండి. ఆర్‌డబ్ల్యూ అని ఉంటే కారణం దొరికినట్టే. కంపెనీ సీడీ లేజర్ వెలుగులో కనీసం 70 శాతం వెనక్కి పంపితే, చెరిపి మళ్లీ రాసుకునే ఈ రకం పంపేది 15–25 శాతమే. పాత ప్లేయర్‌కి అది ఆనదు. పాటలకు ఒక్కసారే రాయగలిగే సీడీ-ఆర్ కొనండి. నేనైతే ఆర్‌డబ్ల్యూ జోలికే పోను.

సీడీ-ఆరే అయితే, కంప్యూటర్‌లో తెరిచి చూడండి. ఎంపీత్రీ ఫైళ్లు కనిపిస్తే మీరు చేసింది డేటా డిస్క్. పాత ప్లేయర్‌కి ఆ ఫార్మాట్ తెలియదు. ఇంకో డిస్క్ తీసుకుని, బర్న్ చేసేటప్పుడు, అంటే పాటలు డిస్క్ మీదికి ఎక్కించేటప్పుడు, "ఆడియో సీడీ" ఎంచుకోండి. అదీ కాదంటే ఫైనలైజ్ చేయడం, అంటే ప్లేయర్లు చదివేలా డిస్క్‌ని చివర్లో మూసేయడం, మర్చిపోయి ఉంటారు. అది చేశాక కొత్త పాట చేర్చడం కుదరదు కాబట్టి అన్నీ ఎక్కించాకే చేయండి.

డీవీడీలో ఎక్కువ పడతాయని కొనేస్తుంటారు. సీడీ ప్లేయర్ దాన్ని అసలు చదవదు.

సమస్య: 90 నిమిషాల క్యాసెట్ ఒక సీడీలో పట్టట్లేదు

పట్టదు. 700 ఎంబీ డిస్క్‌లో ఆడియో 80 నిమిషాలే, 650 ఎంబీ దాంట్లో 74. ఏ సైడ్ ఒకదాంట్లో, బీ సైడ్ ఇంకోదాంట్లో వేసుకోండి. 90, 99 నిమిషాల డిస్కులు కొలతను సాగదీసి చేసినవి, చివరి పాటల దగ్గర తడబడతాయి.

సమస్య: హాల్లోని సీడీ రికార్డర్ కొత్త డిస్క్‌ని తీసుకోనంటోంది

ఇంటి వాడకానికి చేసిన విడి రికార్డర్లు "మ్యూజిక్" సీడీ-ఆర్ మాత్రమే ఒప్పుకుంటాయి. అందులో ముందే ఒక గుర్తింపు కోడ్ ఉంటుంది. అమెరికాలో 1992 చట్టం వల్ల ఆ డిస్క్ అమ్మకం మీద రాయల్టీ కూడా పడుతుంది. అంతే తప్ప, ఎక్కువ పెట్టి కొన్నంత మాత్రాన పాట మధురంగా ఏమీ వినిపించదు. కంప్యూటర్‌లో బర్న్ చేసేవాళ్లకు మామూలు సీడీ-ఆర్ చాలు.

సమస్య: మొదట్లో బాగానే పాడింది, ఇప్పుడు ఎగురుతోంది

మెరిసే వైపు గీతలే వెతుకుతారు అందరూ. పాట దాగిన రంగు పొర, దాని మీది లోహపు పొర ఉండేది లేబుల్ వైపు, పల్చటి లక్క కిందే. బాల్ పెన్నుతో నొక్కి రాసినా, స్టిక్కర్ అంటించి పీకినా పోతుంది. దానికి మందు లేదు, చదివినంత మేరకు వెంటనే కాపీ తీసుకోవాలి. ఎండ కూడా ఆ రంగును చెరుపుతుంది కాబట్టి కారు డ్యాష్‌బోర్డు మీద వదలకండి. పేరు రాయాలంటే మెత్తటి మొన ఉన్న సీడీ మార్కర్‌తో రాయండి.