ఇన్ని నెలల తర్వాత ఏ తేదీ వస్తుంది? లెక్క తప్పకుండా ఎలా చేయాలి?

వారంటీ 18 నెలలు, ఒప్పందం 11 నెలలు, నోటీసు గడువు 3 నెలలు. గడువులన్నీ నెలల్లోనే చెబుతారు, మనకు కావలసింది మాత్రం తేదీ. చాలా ఏళ్లుగా ఈ గడువు తేదీలు వేసే పనిలోనే ఉన్నాను. నేను చూసిన తప్పులన్నీ రెండు మూడు చోట్లే జరుగుతున్నాయి. కొంచెం జాగ్రత్త పడితే అవేవీ జరగవు.

కాగితం, పెన్ను చాలు. క్యాలెండర్ వద్దు. పేజీలు తిప్పుతూ లెక్కపెడితే ఏదో ఒక పేజీ రెండుసార్లు తిరుగుతుంది. ముందు మొదటి తేదీ రాయండి. నెలను అంకెల్లో కాకుండా పేరుతోనే రాయాలి. 03/04 అని రాస్తే ఒకరు మార్చి 4 అనుకుంటారు, ఇంకొకరు ఏప్రిల్ 3 అంటారు.

ఇప్పుడు నెలలు కలపాలి. దయచేసి వేళ్ల మీద లెక్కపెట్టకండి. మార్చి నుంచి ఐదు నెలలు అనగానే చాలామంది బొటనవేలు ముడిచి "మార్చి" అంటారు. తర్వాత ఏప్రిల్, మే, జూన్, జూలై. ఐదు వేళ్లూ అయిపోయాయి కాబట్టి జూలై అని రాసేస్తారు. కానీ మార్చిలో మనం నిలబడి ఉన్నాం, దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. సరైన జవాబు ఆగస్టు.

అందుకే నెల సంఖ్యకు కలపాల్సిన నెలలు కలిపేయండి. మొత్తం 12 దాటితే 12 తీసేసి సంవత్సరానికి ఒకటి కలపండి. 12 లేదా అంతకంటే తక్కువ వచ్చేదాకా ఇలాగే చేయాలి. ఉదాహరణకు 2025 అక్టోబర్ 17కి 20 నెలలు కలపాలంటే 10కి 20 కలిపితే 30. రెండుసార్లు 12 తీసేస్తే 6 మిగులుతుంది, సంవత్సరం రెండు పెరుగుతుంది. 2027 జూన్ 17. ఒకవేళ మొత్తం 24 వస్తే ఒక్కసారి తీసి 12 దగ్గర ఆగాలి, అది డిసెంబర్. ఇంకోసారి తీస్తే సున్నా వస్తుంది. సున్నా నెల అంటూ ఏదీ లేదు.

తేదీ 28 లోపు ఉంటే ఇక్కడితో పని అయిపోయింది. 29, 30, 31 అయితేనే అసలు చిక్కు, ఇక్కడ తొందరపడకండి.

జనవరి 31కి ఒక నెల కలిపితే ఫిబ్రవరి 31 వస్తుంది, అలాంటి రోజు లేదు. అప్పుడు ఆ నెల ఆఖరి రోజుకు వెనక్కి రావాలి. అంటే ఫిబ్రవరి 28, లీపు సంవత్సరమైతే 29. ముందుకు జరిగి మార్చి 3 అని రాయకూడదు. ఒక నెల గడువు మూడో నెలలోకి ఎలా వెళ్తుంది? ఎక్సెల్‌లో నెలలు కలిపే ఫార్ములా ఈడేట్ (EDATE) కూడా వెనక్కే వస్తుంది. జావాస్క్రిప్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో నెల మార్చే సెట్‌మంత్ (setMonth) వాడితే మాత్రం ముందుకు దూకి మార్చిలో పడుతుంది. కాబట్టి ఏ సాఫ్ట్‌వేర్ వాడినా ముందుగా జనవరి 31తో పరీక్షించి చూడండి, ఆ తర్వాతే నమ్మండి.

అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. ఎప్పుడూ మొదటి తేదీ నుంచే లెక్కపెట్టాలి. ఒకసారి నా దగ్గరికి ఒక వాయిదాల పట్టిక వచ్చింది. మొదటి గడిలో జనవరి 31 ఉంది. దాని కింద ఫిబ్రవరి 28, మార్చి 28, ఏప్రిల్ 28, మే 28, అలా పట్టిక చివరిదాకా 28 దిగిపోయింది. చేసినవాళ్లు ప్రతిసారీ పై గడిలోని తేదీకి ఒక నెల కలుపుతూ వచ్చారు. ఫిబ్రవరిలో పోయిన మూడు రోజులు మళ్లీ తిరిగి రాలేదు. మొదటి గడికే ఒకటి, రెండు, మూడు నెలలు కలిపితే ఫిబ్రవరి 28, మార్చి 31, ఏప్రిల్ 30, మే 31 అని సరిగ్గా వస్తాయి. పట్టిక ఎంత పొడవున్నా ఈ పద్ధతి మారకూడదు.

దీనికి ఎదురు ప్రశ్న కూడా ఉంది. ఫిబ్రవరి 28కి ఒక నెల కలిపితే మార్చి 28నా, 31నా? ఈడేట్ 28 అంటుంది. ఒరాకిల్ డేటాబేస్‌లో అదే పని చేసే యాడ్ మంత్స్ (ADD_MONTHS) 31 అంటుంది, ఎందుకంటే అది నెలాఖరును నెలాఖరుతోనే జత చేస్తుంది. నా లెక్కలో 28 సరైనది. ఒప్పందంలో "నెలాఖరున" అని రాసి ఉంటే తప్ప 31 వేయొద్దు. ఈ గొడవ 1981లో బ్రిటన్‌లో అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్లింది. యజమాని సెప్టెంబర్ 30న నోటీసు ఇచ్చాడు. అద్దెదారుకు కోర్టుకు వెళ్లడానికి నాలుగు నెలల గడువు, ఆయన జనవరి 31న వెళ్లాడు. సెప్టెంబర్ 30 నెలలో ఆఖరి రోజు కాబట్టి గడువు కూడా జనవరి ఆఖరి రోజు దాకా ఉంటుందని వాదించాడు. కోర్టు ఒప్పుకోలేదు. గడువు జనవరి 30తోనే ముగిసిందని తేల్చింది. ఒక్క రోజు తేడాతో ఆయన కేసు పోయింది.

ఏ నెలకు ఎన్ని రోజులో గుర్తు లేకపోతే పిడికిలి బిగించి జనవరి నుంచి లెక్కపెట్టండి. మెటిక మీద పడిన నెలకు 31, గుంటలో పడిన నెలకు 30, ఒక్క ఫిబ్రవరి తప్ప. జూలై నాలుగో మెటిక మీద పడుతుంది, ఆగస్టుకు మళ్లీ మొదటి మెటికకు రావాలి. లీపు సంవత్సరం విషయంలో నాలుగుతో భాగిస్తే చాలదు. శతాబ్దపు సంవత్సరమైతే 400తో కూడా భాగం పోవాలి. 2000 లీపు, 1900 కాదు, 2100 కూడా కాదు.

"మూడు నెలలంటే 90 రోజులే కదా" అనేవాళ్లతో నాకు ఓపిక నశించింది. లీపు కాని సంవత్సరంలో ఫిబ్రవరి 1 నుంచి మే 1కి 89 రోజులు. జూలై 1 నుంచి అక్టోబర్ 1కి 92. గడువు నెలల్లో ఇస్తే నెలల్లోనే లెక్కపెట్టండి, రోజుల్లో ఇస్తే రోజుల్లోనే.

రెండూ కలిపి ఇస్తే ముందు నెలలు కలపండి, ఆ తర్వాత రోజులు. 2026 జనవరి 25కి ఒక నెలా పది రోజులు కలపాలనుకోండి. నెల ముందు కలిపితే ఫిబ్రవరి 25, అక్కడి నుంచి పది రోజులకు మార్చి 7. రోజులు ముందు కలిపితే ఫిబ్రవరి 4, ఆ తర్వాత నెల కలిపితే మార్చి 4. ఒకే గడువుకు మూడు రోజుల తేడా వచ్చేసింది.

చివరగా, మొదటి రోజును లెక్కలో కలుపుకోవాలో లేదో కాగితంలో చదివి చూసుకోండి. మార్చి 15న మొదలైన 12 నెలల వారంటీలో ఆ రోజును కలుపుకుంటే వచ్చే ఏడాది మార్చి 14తో ముగుస్తుంది, కలుపుకోకపోతే 15తో. ఏమీ రాసి లేకపోతే నేను మాత్రం పనిని 14లోపే పూర్తి చేసేస్తాను.